ఏ అరలో పెట్టాలి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను ఒకటే అడిగాను. "ఏం మాట్లాడమంటావు?" అని. "నువ్వు చేసే పని గురించే చెప్పన్నా. ఇన్నేళ్ల నుంచి కంప్యూటర్ల పని, కంప్యూటర్ల పని అంటావు. ఆ పనేందో మాకెవరికీ తెలీదు" అన్నాడు. న్యాయమైన మాటే. మా అమ్మకు కూడా తెలీదు. ఎవరన్నా అడిగితే "మావాడు కంప్యూటర్లు రిపేరు చేస్తాడు" అని చెప్తుంది. నేను కల్లూరు వచ్చినప్పుడల్లా పక్కింటివాళ్లు పాడైన టీవీ రిమోట్లు తెచ్చి ఇస్తుంటారు.

అందుకని ఈ రోజు నా పనిలో ఒక చిన్న ముక్క చెప్తాను. ఒక సాఫ్ట్‌వేరును ఏ అరలో పెట్టాలి అనే ప్రశ్న అది. జవాబు ఒక్క మాట. ఆ ఒక్క మాట నేను తప్పు రాసినందుకు ఒక రాత్రి 300కు పైగా పిల్లల దరఖాస్తులు ఎవరికీ కనిపించకుండా పోయాయి. ఆ సంగతి చెప్పాలంటే మా అంగడి దగ్గర మొదలుపెట్టాలి.

మీలో చాలామందికి మా నాయన అంగడి గుర్తుండే ఉంటుంది. బడి వదిలినాక బొరుగులకు, బెల్లానికి వచ్చేవాళ్లు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో అంగడి సర్దే పని నాకు ఒప్పజెప్పాడు. నేను బుద్ధిగా అన్నీ వరసలు చేశాను. తిండి సామాను ఒక అర, సబ్బులు ఒక అర, శొంఠి, వాము, కరక్కాయ ఒక అర, తాళ్లు, మోకులు ఒక మూల. అంతా బాగానే సాగింది కానీ ఆముదం దగ్గర ఆగిపోయాను. తలకు రాసుకుంటారు కాబట్టి సబ్బుల పక్కన పెట్టొచ్చు. తాగితే కడుపు శుభ్రమవుతుంది కాబట్టి మందు. దీపంలో పోస్తారు. బండి ఇరుసుకు పూస్తారు కాబట్టి మోకుల మూలలో ఉన్నా తప్పు లేదు.

"నాయనా, ఆముదం యాడ పెట్టల్ల?" అని అడిగాను.

"అదేందో ఆలోచన చేయొద్దురా. దానికోసం వచ్చేటోళ్లు ఎవురు, వాళ్లు యాడ చూస్తారు, అది చూడు" అన్నాడు.

ఆముదం కోసం మా అంగడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పసిపిల్లలున్న ఇళ్ల నుంచి వచ్చే అవ్వలు. వాళ్ల చూపు శొంఠి, వాము ఉన్న అర మీదికే పోయేది. ఆముదం ఆ అరలోకి చేరింది. మరి బండ్లవాళ్లు వస్తే? నాయన ఒక ఖాళీ ఆముదం సీసాను మోకుల మూలలో కొక్కేనికి వేలాడదీశాడు. సరుకు ఒకచోటే ఉంది, గుర్తు మాత్రం రెండుచోట్ల ఉంది. నేను తర్వాత ఇంజనీరింగు కాలేజీలో ఎన్నో నేర్చుకున్నాను కానీ, నా ఉద్యోగానికి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన పాఠం ఆ ఖాళీ సీసాదే.

ఇప్పుడు నా పని. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు అంటే దాని తయారీ అంతా బయటికి కనిపించే సాఫ్ట్‌వేరు. వంటతో పాటు వంట చేసే పద్ధతి కూడా రాసి ఇచ్చినట్టు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మళ్లీ పంచొచ్చు. లోకంలో వేలమంది ఇలా రాసి పెట్టినవాటిని ఒకచోట చేర్చి, ఒకదానితో ఒకటి పొసిగేలా సర్ది, మామూలు మనిషి కంప్యూటరులోకి ఎక్కించుకునేలా మూటలు కట్టే సంఘాలు కొన్ని ఉన్నాయి. పెద్దవాటిలో ఒకటి డెబియన్. 1993లో ఇయాన్ మర్డాక్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. ఇప్పటికీ దాన్ని నడిపేది కంపెనీ కాదు, స్వచ్ఛందంగా పనిచేసే మనుషులు. మన తెలుగు నేల మీద కూడా ఇలాంటి పని జరిగింది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టం కోసం పాటుపడ్డారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అనే తెలుగు ఫాంట్లు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. మన సీమవాళ్లు తమవాడిగా చెప్పుకునే వేమన పేరు మీద ఒక ఫాంటు ఉందని తెలిసిన రోజు నాకు చాలా సంతోషమైంది.

ఈ మూటను ప్యాకేజీ అంటాం. ప్రతి మూటకూ ఒక చీటీ ఉంటుంది. మన సంత దగ్గర బస్తాకు కట్టే చీటీ లాంటిదే. దాని పేరు, దాన్ని చూసుకునే మనిషి, అది పనిచేయాలంటే ముందుగా ఏమేం ఉండాలి, అది దేనికి పనికొస్తుంది, ఇవన్నీ ఆ చీటీలో రాయాలి. వాటి మధ్యలో 'సెక్షన్' అని ఒక గడి ఉంటుంది. అదే అర. డెబియన్ నియమాల్లో ఇలాంటి అరలు 50కి పైగా ఉన్నాయి. ఆటలు, ఫాంట్లు, గణితం, వీడియో, మెయిల్, లైబ్రరీలు, పైథాన్, రూబీ, పెర్ల్ ఇలా. చీటీకి ఒక్క అర పేరే రాయాలి. రెండు రాయడానికి వీల్లేదు.

జాగ్రత్తగా చూస్తే ఇందులోనే ఒక చిక్కు ఉంది. ఆటలు, మెయిల్ అనేవి 'దేనికి పనికొస్తుంది' అనే ప్రశ్నకు జవాబులు. పైథాన్, రూబీ అనేవి 'దేనితో చేశారు' అనే ప్రశ్నకు జవాబులు. అంగడిలో ఒక అర మీద 'మందులు' అని, పక్క అర మీద 'గాజు సీసాలు' అని రాసినట్టు. గాజు సీసాలో ఉన్న మందును ఏ అరలో పెట్టాలి? మామూలు సామానుతో చిక్కు రాదు. చిక్కు తెచ్చేవి ఆముదం లాంటివి.

నాకు ఎదురైన ఆముదం ఈమెయిల్ అప్లికేషన్ ఫ్రేమ్‌వర్క్. అంటే ఏమిటో పోస్టాఫీసుతో చెప్తాను. మెయిల్ చదువుకునే సాఫ్ట్‌వేరు ఉంటుంది, థండర్‌బర్డ్ లాంటిది. అది మన ఇంటి గుమ్మానికి ఉన్న ఉత్తరాల పెట్టె. మెయిల్‌ను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చే సాఫ్ట్‌వేరు ఉంటుంది, పోస్ట్‌ఫిక్స్, ఎగ్జిమ్ లాంటివి. అది సార్టింగు ఆఫీసు, రైలు, తపాలా బంట్రోతు అన్నీ కలిసింది. ఒక ఉత్తరాన్ని సంఘం సభ్యులందరికీ పంచే సాఫ్ట్‌వేరు ఉంటుంది, మెయిల్‌మ్యాన్ లాంటిది. ఈ మూడూ మెయిల్ అరలోనే ఉంటాయి. ఎవరికీ అనుమానం రాదు.

ఫ్రేమ్‌వర్క్ వీటిలో ఏదీ కాదు. ఇప్పుడు మన నెత్తిన ఉన్న ఈ షామియానాను చూడండి. గుంజలు, తాళ్లు, గుడ్డ తెచ్చి నిలబెట్టారు. దీని కింద పెళ్లి చేయొచ్చు, సంతాప సభ చేయొచ్చు, మనలా స్వర్ణోత్సవం చేసుకోవచ్చు. షామియానావాళ్లకు దాంతో పని లేదు. ఫ్రేమ్‌వర్క్ అలాంటిది. మెయిల్ వస్తే పట్టుకోవడం, ఎవరి పేరు మీద వచ్చిందో చూడడం, ఆ పేరును బట్టి మనం రాసిన కార్యక్రమానికి అప్పగించడం, జవాబు తిరిగి పంపడం, ఇంతవరకు అది చూసుకుంటుంది. ఆ మెయిల్‌తో ఏం చేయాలో మనం రాసుకోవాలి. ఫిర్యాదుల పద్ధతి కట్టుకోవచ్చు, దరఖాస్తుల పద్ధతి కట్టుకోవచ్చు. 2009లో జెడ్ షా అనే ప్రోగ్రామరు పైథాన్ భాషలో ఇలాంటిది ఒకటి రాశాడు. దాని పేరు లామ్సన్. వెబ్‌సైట్లు కట్టేవాళ్లకు అప్పటికే మంచి ఫ్రేమ్‌వర్కులు ఉన్నాయి, మెయిల్‌తో పనిచేసేవాళ్లకు మాత్రం అలాంటి సదుపాయం ఎందుకు ఉండకూడదనేది దాని వెనక ఆలోచన. తర్వాత దాని నుంచే సాల్మన్ అని ఇంకొకటి పుట్టింది.

లామ్సన్ వచ్చిన ఒకటి రెండేళ్లకు నేను హైదరాబాదులో పనిచేస్తున్నాను. ఒక సంస్థకు విద్యార్థుల స్కాలర్‌షిప్ దరఖాస్తులు మెయిల్‌లో వచ్చేవి. దరఖాస్తు అందగానే పిల్లలకు ఒక నెంబరు తిరుగు మెయిల్‌లో పోవాలి. ఆ పని కోసం లామ్సన్ మంచిదనిపించింది. సంస్థ కంప్యూటర్లన్నీ డెబియన్ మీద నడిచేవి కాబట్టి, లోపలి వాడకానికి దాన్ని నేనే మూట కట్టాను. చీటీ రాస్తూ సెక్షన్ గడి దగ్గరికి వచ్చాను. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. పేరులోనే ఈమెయిల్ ఉంది కదా, 'మెయిల్' అని రాసేశాను. ఇంకో తప్పు కూడా చేశాను. ఆ ఫ్రేమ్‌వర్క్ మామూలుగా వేరే తలుపు దగ్గర కూర్చుని మెయిల్ కోసం చూస్తుంది. నేను పరీక్ష కోసం దాన్ని 25వ నెంబరు తలుపుకు మార్చి, మళ్లీ వెనక్కి మార్చడం మరిచిపోయాను. లోకంలో మెయిల్ సర్వర్లన్నీ ఉత్తరాలు అందుకునే తలుపు ఆ 25వ నెంబరే.

ఆ సంస్థలో యంత్రాలు చూసుకునే కుర్రాడు తెలివైనవాడు. మా లోపలి మూటల్లో మెయిల్ అరలో కొత్తగా ఏది వచ్చినా మెయిల్ సర్వర్ల మీద తనంతట తానే ఎక్కేలా ఏర్పాటు చేసి పెట్టాడు. అతని తప్పు ఏమీ లేదు. మెయిల్ అరలో ఉన్నది మెయిల్ సర్వరుకు కావలసినదే అయ్యుంటుందని నమ్మాడు. నేను రాసిన చీటీని నమ్మాడు. డెబియన్ ఆనవాయితీ ప్రకారం సర్వీసును ఎక్కించగానే అది నడవడం మొదలుపెడుతుంది. ఆ మధ్యాహ్నం నా ఫ్రేమ్‌వర్క్ మెయిల్ సర్వరు మీదికి ఎక్కింది. 25వ తలుపు దగ్గర అప్పటికే పోస్ట్‌ఫిక్స్ కూర్చుని ఉంది కాబట్టి దీనికి చోటు దొరకలేదు, ఊరుకుంది. ఎవరికీ తెలియలేదు. రాత్రి ఎనిమిదింటికి ఏదో మరమ్మతు కోసం ఆ యంత్రాన్ని ఆపి మళ్లీ లేపారు. లేచేటప్పుడు నాది ముందు లేచింది, తలుపు దగ్గర కూర్చుంది. పోస్ట్‌ఫిక్స్‌కు చోటు లేకుండా పోయింది.

ఆ రోజు దరఖాస్తులకు ఆఖరి తేదీ.

రాత్రి పదకొండు దాటాక నాకు ఫోన్ వచ్చింది. ఒక అమ్మాయి తండ్రి ఎవరెవరినో పట్టుకుని హెల్ప్‌డెస్కుకు ఫోన్ చేశాడట. "పాప దరఖాస్తు పంపింది సార్, నెంబరు రాలేదు" అని. సిగ్గుపడాల్సిన మాట చెప్తున్నాను. నేను మంచం మీద నుంచి లేవకుండానే "మెయిల్ వెనక్కి తిరిగి రాలేదు కదా, అయితే చేరినట్టే. పొద్దున చూద్దాం" అన్నాను. పడుకున్నాను. నిద్ర పట్టలేదు. వెనక్కి తిరిగి రాలేదు అంటే ఎవరో అందుకున్నారు. అందుకున్నది ఎవరు?

రెండింటికి లేచి యంత్రంలోకి వెళ్లి చూశాను. నా ఫ్రేమ్‌వర్క్ 25వ తలుపు దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ మర్యాదగా అందుకుంటోంది. 'చేరింది' అని పంపినవాళ్లకు చెప్తోంది. నేను ఉదాహరణకు రాసి వదిలేసిన నాలుగు లైన్ల కార్యక్రమం దాన్ని తీసుకెళ్లి ఒక ఫోల్డరులో వేసి తలుపు మూస్తోంది. అంతే. కోపంగా వెనక్కి తిప్పి పంపినా బాగుండేది, పంపినవాళ్లకు తెలిసేది. తెలియనివాడు చిరునవ్వుతో కౌంటరు దగ్గర కూర్చుని దరఖాస్తులు తీసుకుని సొరుగులో వేసుకున్నట్టు అయింది.

అదృష్టం ఏమిటంటే, ఆ ఫ్రేమ్‌వర్క్ ప్రతి మెయిల్‌ను విడివిడి ఫైలుగా దాచుతుంది. ఒక్కటి కూడా పోలేదు. తెల్లవారేదాకా కూర్చుని నేనూ, ఆ కుర్రాడూ ఒక్కొక్కటి తీసి, వచ్చిన తేదీ, సమయం చెడకుండా అసలు దారిలోకి పంపాం. 300కు పైగా ఉన్నాయి. ఆఖరి తేదీ లోపలే వచ్చాయని ఉత్తరాల మీదే ఉంది కాబట్టి సంస్థవాళ్లు అన్నింటినీ తీసుకున్నారు. ఆ తండ్రి ఊరుకుని ఉంటే, పొద్దున్నే ఆ ఫోల్డరును పనికిరాని చెత్త అనుకుని ఎవరో ఒకరు తుడిచేసేవాళ్లు. బహుశా నేనే తుడిచేసేవాణ్ణి.

మర్నాడు మళ్లీ ఆ చీటీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఈసారి నాయన ప్రశ్న వేసుకున్నాను. దీనికోసం వచ్చేవాళ్లు ఎవరు? యాడ చూస్తారు?

మెయిల్ చదువుకోవాలనుకునేవాడు దీనికోసం రాడు. వాడికి దీంతో పని లేదు. మెయిల్ సర్వరు నడిపేవాడూ రాడు. దీనికోసం వచ్చేది పైథాన్‌లో ప్రోగ్రాములు రాసేవాడు. వాడు చూసే అర పైథాన్. దీన్ని పరీక్షించడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ఈ సాఫ్ట్‌వేరు ఎక్కించగానే మామూలు మనిషి నొక్కడానికి తెర మీద ఒక బొమ్మ కనిపిస్తుందా? లేకపోతే ఎక్కించగానే ఏదైనా సేవ మొదలవుతుందా? రెండూ లేకపోతే అది సామాను, సరుకు కాదు. సామానును దాన్ని వాడే పనివాడి అరలో పెట్టాలి.

కానీ ఈ ఫ్రేమ్‌వర్క్‌లో సర్వీసుగా నడిచే భాగం కూడా ఉంది కదా, దానికోసం వెతికేవాడి సంగతేమిటి? ఈ చిక్కుకు డెబియన్ పద్ధతిలోనే మంచి దారి ఉంది. ఒకే మూలం నుంచి రెండు మూడు మూటలు కట్టొచ్చు. ఒక్కో మూటకు ఒక్కో అర రాయొచ్చు. అలాగే చేశాను. ప్రోగ్రాములు రాసేవాడికి కావలసిన భాగం పైథాన్ అరలోకి పోయింది. దాన్ని ఎక్కిస్తే ఏదీ దానంతట అది నడవదు. సర్వీసుగా నడిచే చిన్న భాగాన్ని వేరే మూటగా కట్టి మెయిల్ అరలో పెట్టాను. దాన్ని ఎక్కించినా, మనిషి చేత్తో అనుమతి రాస్తే తప్ప మొదలుకాదు. వివరాల పుస్తకం డాక్యుమెంట్ల అరలోకి పోయింది. ఏ అరలో పెట్టాలా అని తల పట్టుకున్నప్పుడు చాలాసార్లు జవాబు అర గురించి కాదు, మూట గురించి. రెండు పనులు ఒకే మూటలో ఇరికించి ఉంటాం.

రెండో దిద్దుబాటు, వివరణ. చీటీలో 80 అక్షరాలకు మించని ఒక వాక్యం రాయాలి. వెతికేవాడు మాట టైపు చేస్తే కంప్యూటరు చూసేది పేరులో, వివరణలో. అర తలుపు అయితే ఆ వాక్యం తలుపు మీది బోర్డు. మొదట నేను 'ఈమెయిల్ సర్వరు' అని గొప్పగా రాశాను. తర్వాత 'ఈమెయిల్‌తో పనిచేసే ప్రోగ్రాములు కట్టుకోవడానికి పైథాన్ ఫ్రేమ్‌వర్క్' అని రాశాను. గొప్పతనం తగ్గింది, నిజం పెరిగింది.

డెబియన్ అసలు భాండాగారంలో అయితే మూట కట్టినవాడి మాటే ఆఖరిది కాదు. భాండాగారాన్ని చూసుకునే పెద్దలు కొందరు ఉంటారు. కొత్త మూట ఏది వచ్చినా వాళ్లు చూసి, అర సరి కాదనిపిస్తే తమ ఖాతాలో వేరే అర రాస్తారు. చెల్లేది వాళ్ల ఖాతానే. తేడా ఉందని మూట కట్టినవాడికి ఒక ఉత్తరం వస్తుంది. అతను కారణం చెప్పి మార్చమని అడగొచ్చు. మా సంస్థలో అలాంటి రెండో కన్ను లేదు. ఆ రాత్రి తర్వాత పెట్టుకున్నాం.

ఇదే ప్రశ్నకు అందరూ ఒకే జవాబు ఇవ్వలేదు. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో సంఘంవాళ్లు ఒక సాఫ్ట్‌వేరుకు ఎన్ని అరలైనా రాయనిస్తారు. మొదట రాసిన అరలో సరుకు ఉంటుంది, మిగతావి గుర్తులు. అక్కడ మెయిల్ నిజమైన అర, పైథాన్ గుర్తు మాత్రమే. అచ్చం మా నాయన ఖాళీ సీసా. ఫెడోరావాళ్లు విసిగిపోయి అసలు ఆ గడే రాయొద్దన్నారు.

డెబియన్‌వాళ్లు ఒక అర పద్ధతిని ఉంచుకుంటూనే పక్కన ఇంకో పద్ధతి కూడా తెచ్చారు. దాని పేరు డెబ్‌ట్యాగ్స్. ఎన్రికో జినీ అనే ఇటలీ ఆయన మొదలుపెట్టాడు. ఇందులో ఒక వస్తువు గురించి ఒకే ప్రశ్న కాకుండా చాలా ప్రశ్నలు వేస్తారు. దేనితో పనిచేస్తుంది? మెయిల్‌తో. దేనితో చేశారు? పైథాన్‌తో. దీని పాత్ర ఏమిటి? ప్రోగ్రాములు రాసేవాడికి సామాను. ఏ భాషలో బయటివాళ్లతో మాట్లాడుతుంది? ఎస్‌ఎంటీపీ అనే మెయిల్ మర్యాదలో. ప్రతి జవాబూ ఒక ముఖం. వెతికేవాడు ఏ ముఖం వైపు నుంచి వచ్చినా వస్తువు దొరుకుతుంది.

ఈ ఆలోచన ఎక్కడిదని చదువుతూ పోతే నాకు ఆశ్చర్యం కలిగింది. ఇటలీ నుంచి వెనక్కి నడిచి నేరుగా మద్రాసుకు వచ్చాను. ఎస్.ఆర్. రంగనాథన్ గారు. లెక్కల అధ్యాపకుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథపాలకుడయ్యారు. శిక్షణకు లండన్ వెళ్లినప్పుడు అక్కడ ఒక పెద్ద దుకాణంలో మెకానో అనే పిల్లల ఆటవస్తువు చూశారని చెప్తారు. అవే ఇనప పట్టీలు, అవే మరలు, వాటితోనే బండి, వంతెన, క్రేన్ ఏదైనా కట్టొచ్చు. పుస్తకాల విషయాన్ని కూడా అలాగే చిన్న ముక్కలుగా విడదీసి, కావలసినట్టు కలపొచ్చు కదా అనుకున్నారు. 1933లో కోలన్ వర్గీకరణ అని అచ్చు వేశారు. పుస్తకం ఏ విషయం మీద, ఏ పదార్థం గురించి, ఏ పని గురించి, ఏ చోటు, ఏ కాలం, ఇలా ముఖాలు ముఖాలుగా రాసే పద్ధతి. అప్పుడు మన కర్నూలు జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. చదివేవాడి సమయం వృథా కాకూడదన్నది ఆయన పట్టు. మా నాయన ఆయన పేరు ఎప్పుడూ విని ఉండడు. ఇద్దరిదీ ఒకే మాట.

ఒక్క అరలో ఇమడనివి మన కళ్ల ముందే ఉన్నాయి. కర్నూలు–కడప కాలువనే తీసుకోండి. సుంకేసుల దగ్గర మొదలై, కర్నూలులో హంద్రీని వంతెన లాంటి తొట్టిలో దాటిపోతుంది. చిన్నప్పుడు దాని గట్టు మీద ఆడనివాళ్లు మనలో తక్కువ. 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ దాన్ని తవ్వినప్పుడు సేద్యానికీ, పడవలకూ రెండింటికీ అని తవ్వింది. కంపెనీ లెక్క తప్పింది, 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఇప్పుడు దాన్ని ఎవరైనా సేద్యపు కాలువ అనే అంటారు. పడవలు పోయాయి కాబట్టి ఆ చీటీ కూడా పోయింది. అరలు కాలంతో మారుతాయి. రాసినవాడు మధ్యమధ్య వచ్చి చూసుకోవాలి.

ఇంతసేపు చెప్పిన దాన్ని మన బడికి తెస్తాను.

మన బడిలో పుస్తకాలు రెండు బీరువాల్లో ఉండేవి. తాళంచెవి అటెండరు దగ్గర. మా కాలంలో పుస్తకాలను ఎవరు ఇచ్చారో వాళ్ల వరసలో పెట్టేవాళ్లు. ఇచ్చినవాళ్ల మీద గౌరవంతో చేసిన పనే అది. నేను పదో తరగతిలో ఉండగా హిందీ గైడు కోసం హిందీ సారు ఇచ్చిన పుస్తకాల అరలో వెతుకుతుంటే, మధ్యలో తెలుగులో ఒక పాత పుస్తకం దొరికింది. ఇంట్లో కరెంటు ఎలా నడుస్తుందో, మోటారు ఎలా తిరుగుతుందో బొమ్మలతో చెప్పే పుస్తకం. సారు తన ఇంట్లో ఉన్నదంతా ఇచ్చేసినట్టున్నారు, దాంతో పాటు వచ్చింది. ఆ పుస్తకం ఒక నెల నా దగ్గరే ఉంది. అంతవరకు పాలిటెక్నిక్ అన్నా, ఇంజనీరింగు అన్నా నాకు తెలీదు. నేను ఈ రోజు ఇంజనీరుగా మీ ముందు నిలబడడానికి ఆ పుస్తకం ఒక కారణం.

చాలా ఏళ్లు దీన్ని నా అదృష్టం కథగా చెప్పుకున్నాను. ఆ దరఖాస్తుల రాత్రి తర్వాత ఇంకోలా ఆలోచించడం మొదలుపెట్టాను. నాకు హిందీ గైడుతో పని పడింది కాబట్టి దొరికింది. నా కంటే ముందు, నా తర్వాత, ఆ పుస్తకం అవసరమైన పిల్లలు ఎంతమంది సైన్సు అర వెతికి, లేదనుకుని వెళ్లిపోయారో? పుస్తకం బీరువాలోనే ఉంది. వాళ్లకు మాత్రం లేదు. నా ఫోల్డరులో పడి ఉన్న దరఖాస్తుల లాగే. ఉన్నదానికీ, దొరికేదానికీ మధ్య ఒక్క చీటీ తేడా.

కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ఊరూరా గ్రంథాలయాలు ఉండాలని జీవితమంతా తిరిగారు. పుస్తకం జనం దగ్గరికి రావాలన్నది వాళ్ల కాలపు పని. వచ్చిన పుస్తకం వెతికినవాడికి దొరకాలన్నది మన కాలపు పని.

అందుకని సంఘానికి నా మనవి. ఈ స్వర్ణోత్సవం గుర్తుగా ఏం చేద్దామని కమిటీవాళ్లు అడుగుతున్నారు. కమాను కట్టొచ్చు, బెంచీలు ఇవ్వొచ్చు, మంచివే. వాటితో పాటు మన బడి పుస్తకాలకు పట్టీ తయారుచేద్దాం. కోహా అని గ్రంథాలయాల కోసం రాసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు ఉంది. న్యూజిలాండులో పుట్టింది. కోహా అంటే అక్కడి మావోరీ భాషలో కానుక అని అర్థం. డెబియన్ మీద నడుస్తుంది. లైసెన్సుకు రూపాయి కట్టనక్కర్లేదు. తెలుగు అక్షరాలు చక్కగా తీసుకుంటుంది. కంప్యూటరు నేను ఇస్తాను, ఎక్కించి నడిపే బాధ్యత నాది.

నా వల్ల కానిది ఒకటుంది. చీటీలు రాయడం. అది ప్రోగ్రాము చేసే పని కాదు, పుస్తకం తెరిచి చూసిన మనిషి చేసే పని. మీలో ఒక్కొక్కరూ 20 పుస్తకాలు తీసుకోండి. ఒక్కో పుస్తకానికి నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి. దేని గురించి? ఎవరికి అర్థమవుతుంది? ఏ పనికి పనికొస్తుంది? ఏ పిల్లవాడు ఏ మాట అని దీన్ని అడుగుతాడు? నాలుగోది ముఖ్యం. 'విద్యుచ్ఛాస్త్రం' అని రాస్తే పండితుడికి దొరుకుతుంది. 'కరెంటు, మోటారు' అని కూడా రాస్తే ఎనిమిదో తరగతి పిల్లవాడికి దొరుకుతుంది. రాసిన చీటీలను మన తెలుగు సారు, సైన్సు మేడం ఇంకోసారి చూడాలని కోరుతున్నాను. రెండో కన్ను ఎంత అవసరమో నాకు తెలుసు.

గురువులతో ఇంకొక్క మాట. పిల్లలకు కూడా మనం చీటీలు కడతాం. లెక్కలు వచ్చేవాడు, రానివాడు, సైన్సుకు పోవాల్సినవాడు, దేనికీ పనికిరానివాడు అని. రిజిస్టరులో ఒకే గడి ఉంటుంది కాబట్టి ఒకటే రాయాల్సి వస్తుంది. తప్పు లేదు. కానీ గడి చిన్నది కాబట్టి పిల్లవాడు కూడా అంతే అనుకోవద్దు. మా సార్లు అలా అనుకోలేదు. నాకు లెక్కల్లో మార్కులు రాని రోజుల్లో కూడా బడిలో ఫ్యూజు పోతే నన్నే పిలిచేవాళ్లు. రిజిస్టరులో లేని ఆ గుర్తు వాళ్లు నాకు వేలాడదీశారు. దాన్ని చూసే నేను నా దారి వెతుక్కున్నాను.

నాయన పోయి తొమ్మిదేళ్లయింది. అంగడి ఇప్పుడు లేదు, ఆ చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. మొన్న అక్కడ చార్జరు కొనడానికి పోతే, ఆ అబ్బాయి ఒక ఖాళీ చార్జరు డబ్బాను వాకిట్లో వేలాడదీసి ఉన్నాడు. "ఎందుకప్పా ఇది?" అంటే, "లోపల ఉందని తెలియల్ల కదన్నా" అన్నాడు.

పుస్తకాల పట్టీకి పేర్లు ఇచ్చేవాళ్లు సభ అయిపోయాక బీరువాల దగ్గరికి రండి. తాళంచెవి ఈ రోజు నా దగ్గర ఉంది.